కాట్స్ రూము కబుర్లు: మట్టి మీద టైరు, బొటనవేలి కింద రబ్బరు



నాలుగు నెలలుగా ఈ పేజీలో నేను కనపడలేదు. సంపాదకులు ఫోన్ చేసి "ఏమయ్యా, కాట్స్ రూముకు లాకౌటా?" అని అడిగారు. లాకౌటు కాదు. అమ్మాయి, అల్లుడు పట్టుబట్టి అమెరికా పిలిపించుకున్నారు. నార్త్ కరోలినా అని ఒక రాష్ట్రం. అందులో షార్లెట్ ఊరికి దగ్గర. ఏప్రిల్‌లో పోయి ఆగస్టులో తిరిగొచ్చాను.

అమెరికా పోయొచ్చిన ప్రతివాడూ పెద్ద పెద్ద మేడలు, రోడ్లు, మంచు గురించి చెప్తాడు. నేను మట్టి గురించి, రబ్బరు గురించి చెప్తాను. అయిదో క్లాసు చదివి, ముప్పై నాలుగేళ్ళు మిల్లులో పనిచేసి, అందులో పంతొమ్మిదేళ్ళు కాట్స్ బఫింగ్ రూములో రబ్బరు అరగదీసినవాడికి కంటికి ఇంకేం ఆనుతుంది?

మా చిన్నోడు, అంటే అమ్మాయి రెండో కొడుకు, వాడికి పన్నెండేళ్ళు. అల్లుడితోపాటు ఆఫీసులో పనిచేసే ఒక తెల్లాయన వాడికి గోకార్ట్ పిచ్చి ఎక్కించాడు. ఆ ఊళ్ళో అది మామూలే. మన కోయంబత్తూరులో ఇంటికొక పంపుసెట్టు మెకానిక్ ఉన్నట్టు అక్కడ వీధికొక రేసు మనిషి ఉంటాడు. కార్ల రేసులకు షార్లెట్ చుట్టుపక్కల ఊర్లు పుట్టిల్లు.

గోకార్ట్ అంటే మన చెట్టిపాళెం కరి ట్రాక్ దగ్గర నున్నటి తారు మీద తిరిగేది చూశారు కదా. ఇది అది కాదు. ఇది మట్టి ట్రాక్. ఎర్రమట్టి. కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు. ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతారు. ఇంజను చూస్తే నవ్వొచ్చింది, గడ్డి కోసే మిషన్‌కు పెట్టే జాతిది. ఆరేడు గుర్రాల బలం. వెనక ఒకటే ఇరుసు, రెండు చక్రాలూ దానికి బిగించి కలిసే తిరుగుతాయి. స్ప్రింగులు లేవు, గేర్లు లేవు. మరి ఒకడు గెలిచి ఇంకొకడు ఓడిపోయేది ఎక్కడ? నాలుగు టైర్ల దగ్గర. అందుకే ఈ నెల కబురు టైర్ల మీద.

మొదటి శనివారం రాత్రి నన్ను తీసుకుపోయారు. మావాడు హెల్మెట్టు, మెడకు పట్టీ, ఛాతీకి కవచం అన్నీ తగిలించుకుని కూర్చుంటే నాకు గుండె దడ. చివరి పోటీ ఇరవై చుట్లు. మొదటి ఆరు చుట్లు మావాడు రెండో స్థానం. అమ్మాయి గెంతుతోంది. ఎనిమిదో చుట్టు నుంచి బండి వెనక భాగం పాములాగా ఊగడం మొదలైంది. ఒకడు దాటాడు, ఇద్దరు దాటారు. చివరికి తొమ్మిదోవాడుగా వచ్చాడు. దిగి హెల్మెట్టు కూడా తీయకుండా కూర్చున్నాడు. అల్లుడు ఇంజను మీద తప్పు వేశాడు.

నేను వంగి కుడివైపు వెనక టైరు మీద బొటనవేలు పెట్టాను. వేడి. గోరుతో నొక్కితే జిగట. మీద చిన్న చిన్న బొబ్బలు, రబ్బరు ఉండలుగా లేచింది. నాకు వెంటనే రింగ్ ఫ్రేము గుర్తొచ్చింది. మెత్తటి కాట్ వేసి, బరువు ఎక్కువ పెట్టి, వేసవిలో స్పీడు పెంచితే ముందు లైను కాట్లు ఇట్లాగే అవుతాయి. "ఇంజను కాదు అల్లుడూ, రబ్బరు ఉడికిపోయింది" అన్నాను. ఆయన నమ్మలేదు. కంప్యూటరు చదివిన మనిషి, నేను మిల్లు మనిషిని.

పక్క షెడ్డులో ఒక పెద్దాయన మడతకుర్చీలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. లేచి వచ్చి, ఏమీ అనకుండా, నేను పెట్టిన చోటే తన బొటనవేలు పెట్టాడు. నన్ను చూసి తల ఊపాడు. అంతే, మాకు స్నేహం కుదిరింది. మాటలు చిన్నోడు అటూ ఇటూ చెప్పేవాడు.

అడిగితే తెలిసిందేమిటంటే ఆయనా మిల్లు మనిషే. కన్నాపొలిస్ అని దగ్గర్లోనే ఊరు. ఒకప్పుడు ఊరంతా ఒకే మిల్లు, తువాళ్ళు దుప్పట్లు నేసేది. 2003 జూలైలో అది మూతపడి వేలమంది ఒక్కరోజులో వీధిన పడ్డారు. ఆయన స్పిన్నింగులో చేశాడట. నేను గాలిలో వేళ్ళతో దారం అతికించి చూపించాను. ఆయనా అట్లాగే అతికించి చూపించాడు. మా అమ్మాయికి ఎందుకో కళ్ళనీళ్ళు వచ్చినాయి. మూతపడ్డ మిల్లు గేటు ఎట్లా ఉంటుందో పీలమేడు వాళ్ళకు నేను చెప్పాలా?

ఇక ఆ పెద్దాయన దగ్గర, షెడ్ల దగ్గర తిరిగి నేను నేర్చుకున్నది వరసగా చెప్తాను. మన పిల్లల్లో బండ్లు, టైర్ల పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పనికొస్తుంది.

మొదటి మాట: మట్టి ఒక రాత్రిలోనే నాలుగు రకాలుగా మారుతుంది. సాయంత్రం నీళ్ళ లారీతో తడుపుతారు. కొన్నిచోట్ల కాల్షియం క్లోరైడు కూడా చల్లుతారు, అది గాలిలో తేమను లాక్కుని మట్టిని ఆరనివ్వదు. తడిపిన వెంటనే నేల బురద, జారుడు. అప్పుడు గాళ్ళు ఉన్న టైరు కావాలి. గాళ్ళు బురదను పక్కకు తోసి కింది గట్టి నేలను పట్టుకుంటాయి. కాసేపటికి నీళ్ళు ఇంకి మట్టి ముద్దపప్పులాగా పట్టుగా అవుతుంది. అడుగు వేస్తే చెప్పు అంటుకుంటుంది. ఇది రెండో దశ. మూడోది, బండ్లు తిరిగీ తిరిగీ ఒకే దారిలో రబ్బరు పూసుకుని నల్లటి చార పడుతుంది. అక్కడ తారురోడ్డంత పట్టు ఉంటుంది, కానీ ఆ చార దాటి ఒక అడుగు బయటికి పోతే దుమ్ము. నాలుగోది, ఎండ బాగా కాసి నీళ్ళు తగ్గితే నేల ఎండి, పాలిషు పెట్టినట్టు నున్నగా, పైన పిండిలాంటి దుమ్ము. అది మహా జారుడు.

రెండో మాట: రబ్బరు గట్టిదనం. ఇక్కడే నాకు నవ్వొచ్చింది. వాళ్ళ చేతిలో ఉన్న చిన్న గడియారం లాంటి పరికరం మన డ్యూరోమీటరే! సూది గుచ్చితే షోర్ లెక్కలో గట్టిదనం చెప్తుంది. మన కాట్స్ రూములో రింగ్ ఫ్రేము ముందు కాట్లకు 65, 70 అనీ, స్పీడ్ ఫ్రేము, డ్రాయింగులకు 80 పైన అనీ చూసుకునేవాళ్ళం కదా, అదే లెక్క. వాళ్ళ టైర్లు ఇంకా మెత్తన, చాలావరకు 50 అటూ ఇటూ. ఒక టైరుకు మూడు నాలుగు చోట్ల చూసి సరాసరి వేస్తారు. ఎండలో పెట్టిన టైరు, నీడలో పెట్టిన టైరు ఒకే అంకె చూపవు. వేడికి రబ్బరు మెత్తబడుతుంది. అందుకని ఎప్పుడూ ఒకే వేళ, ఒకే చోట చూడాలి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూసి పోల్చితే ఆ అంకెలకు అర్థం లేదు.

మెత్తటిది బాగా పట్టుకుంటుంది కదా, ఎప్పుడూ మెత్తటిదే వేసుకుంటే సరిపోదా? మనవాళ్ళూ ఇట్లాగే అడిగేవాళ్ళు. మెత్తటి కాట్ నూలును బాగా పట్టుకుంటుంది, దారం సమంగా వస్తుంది. కానీ తొందరగా అరుగుతుంది, పోగులు చుట్టుకుంటాయి. టైరూ అంతే. ఎండి జారే నేల మీద మెత్తటి టైరే దిక్కు. నేల తానుగా పట్టుగా ఉన్నప్పుడు మెత్తటిది వేస్తే పట్టు మరీ ఎక్కువై, చిన్న ఇంజను మూలుగుతుంది. మలుపులో ఎడమ చక్రాలు లేచి బండి కుడి చక్రాల మీద నిలబడబోతుంది. పైగా నల్లచార పడ్డాక వేడి పుట్టి, పది చుట్లలో రబ్బరు ఉడుకుతుంది. మావాడికి ఆ రాత్రి జరిగింది ఇదే. సాయంత్రం జారుడు నేల మీద ప్రాక్టీసు చేసి మెత్తటి టైర్లు బాగున్నాయని అవే ఉంచేశారు. తొమ్మిదిన్నరకు నేల మారింది. వీళ్ళు మారలేదు.

మూడో మాట: గాలి. మన స్కూటరుకు ఇరవై అయిదు, ముప్పై పౌండ్లు పెడతాం. వీటికి అయిదు నుంచి పది పౌండ్ల చుట్టుపక్కల అంతే! అర పౌండు తేడా కూడా వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారు. జారుడు నేలకు తగ్గిస్తారు, టైరు పరుచుకుని నేలను ఎక్కువ తాకుతుంది. పట్టు ఎక్కువైతే పెంచుతారు, బండి వదులవుతుంది. తిరిగేకొద్దీ వేడికి గాలి పెరుగుతుంది కాబట్టి ఇరవై చుట్ల పోటీకి, అయిదు చుట్ల ప్రాక్టీసుకు ఒకే గాలి పనికిరాదు. పోటీ అయిన వెంటనే, వేడి మీదే, మళ్ళీ కొలిచి నోటు పుస్తకంలో రాసుకుంటాడు ఆ పెద్దాయన. మన షిఫ్టు రిజిస్టరు లాంటిదే. తేదీ, నేల రకం, ఎండా మబ్బా, ఏ టైరు, ఎంత గట్టిదనం, ముందు గాలి, తరువాత గాలి. అన్నీ పెన్సిలుతో.

నాలుగో మాట: చుట్టుకొలత. దీన్ని వాళ్ళు స్టాగర్ అంటారు. మనకు నేర్పిన చదువుకు ఇది తలకిందులు. ఒక పై రోలరు మీద రెండు కాట్లుంటే రెండూ ఒకే వ్యాసం ఉండాలని ప్రాణం పోయేదాకా కొలిచేవాళ్ళం. కొంచెం తేడా వచ్చినా సూపర్‌వైజరు తిట్టు. ఇక్కడ కావాలని తేడా పెడతారు! వెనక కుడి టైరు చుట్టుకొలత 34 అంగుళాలనుకుంటే ఎడమది ఒక అంగుళమో, అంగుళంపావో తక్కువ ఉంటుంది. ఎందుకు? కోన్ వైండింగులో ఖాళీ కాగితం కోను కింద పడితే ఎప్పుడైనా నేరుగా దొర్లిందా? గుండ్రంగా తిరిగి మన కాళ్ళ దగ్గరికే వస్తుంది. లావు పక్క బయటికి, సన్న పక్క లోపలికి. అదే సూత్రం. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాల్లో కుడిది పెద్దదైతే బండి తనంతట తాను ఎడమకు తిరగాలని చూస్తుంది. తేడా తక్కువైతే మలుపులో ముందుకు దూసుకుపోతుంది, ఎక్కువైతే నేరుదారిలో ఈడ్చుకుంటుంది. గాలి మార్చితే చుట్టుకొలతా మారుతుంది. అందుకని గాలి పెట్టాకే టేపు పెట్టాలి, ముందు కాదు.

ఈ స్టాగర్ సంగతి మొదట పట్టుకున్నవాడు రాల్ఫ్ ఎర్న్‌హార్ట్ అంటారు. మట్టి ట్రాకుల మీద కార్లు నడిపినవాడు, 1956లో నాస్కార్ స్పోర్ట్స్‌మన్ పోటీల్లో ఛాంపియన్. కన్నాపొలిస్ వాడే. ఎవరనుకున్నారు? దూదిమిల్లు కార్మికుడు! మిల్లులో పనిచేస్తూ, ఇంటి వెనక షెడ్డులో బండి తయారు చేసుకుని, శనివారం రాత్రుళ్ళు మట్టిలో రేసులాడేవాడట. తరువాత మిల్లు మానేసి రేసులే బతుకుతెరువు చేసుకున్నాడు. 1973లో నలభై అయిదేళ్ళకే పోయాడు. ఆయన కొడుకు డేల్ ఎర్న్‌హార్ట్ పేరు అక్కడ మనకు సినిమా హీరోల పేరంత. పెద్దాయన ఈ కథ చెప్తుంటే మన ఊరు గుర్తొచ్చింది. మన కరివర్ధన్ గారూ మిల్లు కుటుంబంలో పుట్టినవారే కదా. ఆయన మిల్లు యజమానుల ఇంటివారు, రాల్ఫ్ కూలివాడు, అంత తేడా ఉంది. అయినా రేసు కార్లు ఇక్కడే తయారు చేసి కుర్రవాళ్ళకు ఇచ్చింది ఆయనే. 1995లో చిన్న విమానం కూలి పోయారు. ఆయన పేరు మీదే చెట్టిపాళెం ట్రాక్. దూదికీ రేసుకూ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది.

అయిదో మాట: టైరు కోయడం. కొత్త టైరును అట్లాగే వేయరు. లేతు లాంటి మిషన్‌కు ఎక్కించి, తిప్పుతూ, పైన రబ్బరును పల్చగా చెక్కుతారు. తరువాత ఉప్పుకాగితంతో నున్న చేస్తారు. ఇది చూసినప్పుడు నా చేతులు దురద పెట్టాయి. మన బఫింగే ఇది! మందం ఎక్కువుంటే రబ్బరు లోపల నలిగి వేడి పుడుతుంది. పల్చన చేస్తే చల్లగా ఉంటుంది, గట్టిగా నిలబడుతుంది. నల్లచార పడే ట్రాకులకు పల్చటిది, జారుడు చోట కొంచెం మందం. ఎక్కువ చెక్కితే మళ్ళీ అతికించలేం. మన రూములో కొత్తగా వచ్చిన కుర్రవాడికి మొదట చెప్పే మాట కూడా ఇదే: "తీసేముందు రెండుసార్లు కొలువు. తీసింది తిరిగి రాదు."

పోటీ అయ్యాక టైరు మీద అంటుకున్న మట్టిని, ఉండలను గీకి శుభ్రం చేసి, ఎండ తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడతారు. గాలి, ఎండ తగిలితే రబ్బరు గట్టిపడుతుంది. మనం కాట్లను చీకటి బీరువాలో పెట్టినట్టు.

ఇంతవరకు అన్నీ సంతోషంగా నేర్చుకున్నాను. ఆరో మాట దగ్గర ఇంట్లో గొడవ వచ్చింది.

ఒక బుధవారం సాయంత్రం గ్యారేజీలోంచి వాసన వచ్చింది. తియ్యగా, ముక్కు లోపల కాలినట్టు. ఆ వాసన నాకు పంతొమ్మిదేళ్ళు తెలుసు. పోయి చూస్తే తలుపు వేసి ఉంది. లోపల చిన్నోడు ఒక డబ్బాలోంచి గుడ్డతో ద్రావకం తీసి టైరుకు పూస్తున్నాడు. చేతికి తొడుగు లేదు. టైరు చిన్న మోటారు మీద మెల్లగా తిరుగుతోంది. దాన్ని వాళ్ళు ప్రెప్ అంటారు. రబ్బరును మెత్తబరిచే మందు. పైన పూస్తారు, కొందరు టైరు లోపల కూడా పోసి గంటల తరబడి దొర్లిస్తారు. గట్టి టైరు మెత్తనవుతుంది, నేలను కరుస్తుంది. కొన్నిచోట్ల పోటీలవాళ్ళు దీన్ని పూర్తిగా నిషేధించారు, వాసన పట్టే పరికరంతో పరీక్ష చేస్తారు, టైరు ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. మావాడు ఆడే ట్రాకులో మాత్రం పైన పూయడానికి ఒప్పుకుంటారు. కాబట్టి దొంగతనం కాదు. తప్పు అది కాదు.

ఈ మందులన్నీ ఒకటి కావు. కొన్ని పెద్దగా వాసన లేనివి. కొన్నింటిలో మాత్రం టోలీన్, జైలీన్ లాంటివి ఉంటాయి. పెయింటు థిన్నరు జాతి. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది, ఇంగ్లీషు రాకపోయినా అది నేను చదవగలను.

నేను మోటారు ఆపేసి తలుపు ఎత్తేశాను. డబ్బా మూత పెట్టి బయట పెట్టాను. "తాతా, నీకేం తెలుసు? అందరూ పూస్తారు. లేకపోతే నేను గెలవను!" అని అరిచాడు. అల్లుడు కూడా "మామా, కొంచెంసేపే కదా" అన్నాడు. చిన్నోడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు.

ఎందుకో మీకు చెప్పాలి. వాళ్ళకు కూడా మూడోనాడు రాత్రి అన్నం దగ్గర చెప్పాను. మా కాట్స్ రూములో నాతోపాటు ఒకాయన ఉండేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పని నేర్పినవాడు. పేరు రాయను, వాళ్ళ పిల్లలు ఈ పత్రిక చదువుతారు. కాట్లకు పోగులు చుట్టుకోకుండా బఫింగు తరువాత యాసిడ్ ట్రీట్‌మెంటు చేసేవాళ్ళం. రోలర్లు తుడవడానికి థిన్నరు. రూముకు కిటికీ ఉంది, కానీ దుమ్ము పడుతుందని మూసేవాళ్ళం. తొడుగులు ఇచ్చేవారు, ఇస్తే చేతికి పట్టు దొరకదని మేమే మూలకు పారేసేవాళ్ళం. ఆయన వేళ్ళ చర్మం వేసవిలో నేల పగిలినట్టు పగిలేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. తలనొప్పి అనేవాడు, షిఫ్టు దిగాక తూలేవాడు. తాగొచ్చాడని కొందరు నవ్వేవారు. ఆయన జన్మలో తాగలేదు. యాభై ఏడేళ్ళకు పోయాడు. డాక్టరు అది దేనివల్ల వచ్చిందో రాసివ్వలేదు. మేమూ అడగలేదు. అడగాలని కూడా మాకు తెలియదు. నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇది నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడు ఇక్కడ చెప్తున్నాను.

మర్నాడు చిన్నోణ్ణి పెద్దాయన దగ్గరికి తీసుకుపోయి అడగమన్నాను. ఆయన తన ఛాతీ మీద చెయ్యి వేసి చెప్పాడట. ఆ ఊర్లలో పత్తి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన మిల్లువాళ్ళు చాలామంది. మొదట్లో అది సిగరెట్లవల్ల అని కొట్టేసేవారట. కార్మికులు కలిసి పోట్లాడారు. 1978లో అక్కడి ప్రభుత్వం మిల్లు గాలిలో దుమ్ము ఎంతకు మించకూడదో నియమం పెట్టింది. "నియమం రాకముందు పీల్చింది ఎవడూ తిరిగి తీయలేదు" అన్నాడు. తాను టైరుకు మందు పూయడా అంటే, పూస్తాడు. ఆరుబయట, గాలి తన వీపు వైపు నుంచి వచ్చేటట్టు నిలబడి, మందపాటి తొడుగు, మూతికి ఫిల్టరున్న ముసుగు పెట్టుకుని. పిల్లల్ని దగ్గరికి రానివ్వడు.

అట్లా ఇంట్లో రాజీ కుదిరింది. మందు పూస్తే అల్లుడే పూయాలి, బయటే పూయాలి, తొడుగూ ముసుగూ ఉండాలి. చిన్నోడు డబ్బా ముట్టకూడదు. ఇంట్లో, గ్యారేజీలో డబ్బా ఉండకూడదు. అమ్మాయి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ముసుగు ఇంకా కొనలేదు కాబట్టి వచ్చే శనివారానికి మందు లేదు.

ఆ శనివారం నేను వెళ్ళిన పని ఒకటే. నేల చూడటం. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. గాలిలో తేమ. ఏడు గంటలకు ట్రాకు అంచున ఎర్రమట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాను. ముద్ద నిలబడింది. ఎనిమిదిన్నరకు మళ్ళీ నొక్కాను, ఇంకా నిలబడింది, వేలికి అంటలేదు. మిల్లులో తేమ తగ్గితే ఒక రకం చుట్టుడు, పెరిగితే ఇంకొక రకం అని మనకు తెలుసు కదా, గాలి వాసన బట్టే చెప్పేవాళ్ళం. "మబ్బు ఉంది, నేల ఇవాళ ఎండదు. నల్లచార గట్టిగా పడుతుంది. గట్టి టైరు వేయండి, పల్చగా చెక్కింది. గాలి అర పౌండు పెంచండి" అన్నాను. అల్లుడు మెత్తటిది అన్నాడు. ఇద్దరం చిన్నోణ్ణి చూశాం. నడిపేది వాడు. వాడు కూడా వంగి మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. కాసేపు చూసుకున్నాడు. "తాత టైరు" అన్నాడు.

మొదటి అయిదు చుట్లు ఏడో స్థానం. రబ్బరు వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. అల్లుడు నా వైపు చూడటం మానేశాడు. ఎనిమిదో చుట్టు నుంచి మావాడి బండి దారం లాగినట్టు తిన్నగా పోయింది. ముందువాళ్ళ బండ్లు ఊగడం మొదలైంది. ఒకణ్ణి, ఇద్దర్ని, మూడోవాణ్ణి దాటాడు. పదకొండు బండ్లలో నాలుగోవాడుగా వచ్చాడు. దిగగానే బొటనవేలు టైరు మీద పెట్టాను. వేడి ఉంది, జిగట లేదు. పైన సన్నటి గరుకు, అంతటా ఒకేలాగా. మంచి కాట్ ఆరు వారాలు నడిచాక ఎట్లా ఉంటుందో అట్లాగే.

గెలిచిన కుర్రవాడు మందు పూసినవాడే. ఆ సంగతి నేను దాచను. ఇంటికి వస్తూ కారులో చిన్నోడు అడిగాడు: "తాతా, పూసి ఉంటే నేను గెలిచేవాణ్ణా?"

"గెలిచేవాడివేమోరా" అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం? "ఇప్పుడు నీ చెయ్యి వాసన చూసుకో."

చూసుకున్నాడు. "మట్టి వాసన" అన్నాడు.

"అది సబ్బుతో పోతుంది" అన్నాను.

బయలుదేరే రోజు ఆ పెద్దాయన ఇంటికి వచ్చి ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. విప్పితే పాత డ్యూరోమీటరు. అద్దం మీద గీత పడింది, సూది మాత్రం సరిగ్గానే ఉంది. ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మా ఇంటి మోటారు బెల్టు, మనవరాలి చెప్పు, కుక్కరు వాచరు, అన్నీ కొలిచి చూస్తున్నాను. మా ఆవిడ తిడుతోంది.

చివరగా ఒక మాట. మన ఇళ్ళలో కుర్రవాళ్ళు ఎంతోమంది వర్క్‌షాపుల్లో, పెయింటింగు షెడ్లలో, రబ్బరు పనుల్లో, చెప్పుల గమ్ము పనుల్లో ఉన్నారు. ఇవాళ వాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు చొక్కా వాసన చూడండి. చేతులు తిప్పి చూడండి. తలనొప్పి అంటే కాఫీ ఇచ్చి ఊరుకోకండి, ఏ డబ్బా వాడుతున్నావు, తలుపు తీసి ఉందా, తొడుగు ఉందా అని అడగండి. అడిగితే కోపం వస్తుంది. రెండు రోజులు మాట్లాడరు. పరవాలేదు, మూడోరోజు మాట్లాడతారు.

వచ్చే నెల, పోయినసారి ఒక చెల్లెమ్మ అడిగిన పి.ఎఫ్. పింఛను ఫారం సంగతి రాస్తాను. ఆరోగ్యం జాగ్రత్త.

మీ
కాట్స్ రూము తాత